రక్కసి చేతికి గోరింటాకు

వీరగంధపురానికి ఎన్నడూ లేని కష్టం వచ్చిపడింది. యువరాణి కనకాంగి మాట వినిపిస్తోంది గాని మనిషి కనిపించడం లేదు. ఘోరదంష్ట్ర అనే రక్కసి ఆమె రూపాన్ని దోచుకుపోయి, తన గుహలో ఒక కుండ నీటిలో దాచింది. అమావాస్యకు ఆ నీరు ఇగిరిపోతే యువరాణి ఇక ఎప్పటికీ కనిపించదని ఆస్థాన జ్యోతిష్కుడు చెప్పాడు. ఆ మాట వినగానే రాజ్యంలోని వీరులందరికీ ఉన్నట్టుండి జ్వరాలు వచ్చాయి.

కట్టెలు కొట్టే సింగన్న కూతురు పొన్నారి, కనకాంగికి ప్రాణస్నేహితురాలు. ఆమె అటుకుల మూట భుజాన వేసుకుని, కనిపించని ఆ చేతిని గట్టిగా పట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో పెద్దపులి అడ్డం వచ్చింది. దాని కంటికి ఒక్క పిల్లే ఆనుతోంది, ముక్కుకేమో ఇద్దరి వాసన తగులుతోంది. అది తికమకపడుతుండగానే కనకాంగి వెనక నుంచి తోక పట్టి లాగింది. పులి మళ్ళీ అటువైపు కనిపించలేదు.

ఏరు దాటాక ఒక ముని ఎదురయ్యాడు. రక్కసిని చంపే మంత్రం చెప్పమని పొన్నారి బతిమాలింది.

“అలాంటి మంత్రమేదీ లేదు తల్లీ. అది ఎన్నో ఏళ్ళుగా ఒంటరిగా ఉంది, అంతే నాకు తెలుసు,” అని ముని కళ్ళు మూసుకున్నాడు.

ఇంతదూరం వస్తే ఇదా చెప్పేదని పొన్నారికి ఒళ్ళు మండింది. అంతలోనే ఆశ్రమం పక్కనున్న గోరింట పొద ఆమె కంటబడింది. ఒంటరిదానికి గోరింటాకు ఎవరు పెడతారు? గబగబా ఆకు దూసి, మెత్తగా నూరి, దొప్పలో పట్టుకెళ్ళింది.

గుహలో ఘోరదంష్ట్ర పళ్ళు కొరుకుతూ లేచింది. పొన్నారి దొప్ప ముందుకు చాపింది.

“అక్కా, ఆషాఢం వెళ్ళిపోతోంది. నీకు గోరింటాకు పెట్టేవాళ్ళు లేరేమోనని వచ్చాను.”

ఏటా ఊరి పిల్లల చేతులు ఎర్రగా పండడం రక్కసి చెట్లచాటు నుంచి చూసేది. తన చెయ్యి మాత్రం ఎవరూ పట్టుకోలేదు. అందుకే వెంటనే చేతులు చాపింది. పొన్నారి అరచేతుల్లో చందమామలు దిద్ది, వేళ్ళకు టోపీలు పెట్టి, ఆరేదాకా కదలొద్దని గట్టిగా చెప్పింది.

ఈలోగా మూలనున్న కుండ మూత దానంతట అదే లేచింది. కనకాంగి ఆ నీళ్ళు ముఖాన చల్లుకుంది. ముందు ముక్కు, తర్వాత పెదవులు, ఆపైన మొత్తం పిల్ల కనిపించింది. పొన్నారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

రక్కసి చూడనే చూసింది. ఒక్క అంగలో ఇద్దర్నీ పట్టేసేదే. కాని లేస్తే చందమామలు చెరిగిపోతాయి. తన చేతులవంక చూసుకుని, అలాగే కూర్చుండిపోయింది.

స్నేహితురాళ్ళిద్దరూ పరుగున గుహ దాటేశారు. వెనక నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

“అమ్మాయ్, ముక్కు దురద పెడుతోందే.”

“వద్దే, పద,” అంది కనకాంగి.

పొన్నారి కాళ్ళు ముందుకు పడలేదు. గోరింటాకు పెట్టుకున్నవాళ్ళ ముక్కు పక్కవాళ్ళే కదా గోకాలి! ఆమె వెనక్కి వెళ్ళి ఆ పెద్ద ముక్కు గోకింది. కనకాంగి కూడా గొణుక్కుంటూనే వచ్చి, రక్కసి నోట్లో గుప్పెడు అటుకులు పెట్టింది.

ఘోరదంష్ట్ర కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. “పండాక చూడ్డానికి వస్తారా?” అని అడిగింది.

“నువ్వే మా ఊరు రా అక్కా,” అంది కనకాంగి.

కొన్నేళ్ళకు కనకాంగి రాణి అయింది, పొన్నారి ఆమెకు మంత్రి అయింది. ఆషాఢం వచ్చిందంటే కోట తలుపులు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచేవారు. ఒక్క రెక్క తీస్తే ఆ వచ్చే చుట్టం పట్టదు మరి.