ముత్తవ్వ ఎడమచెయ్యి

"అయ్యో, తుడవకుండ్రి! తుడిస్తే మనిషే పోతది!"

సైదులు కేకకు సువర్ణ చేతిలో పైటకొంగు ఆగిపోయింది. సూర్యాపేటలో ఫొటో స్టూడియో పెట్టాక అతను గిరాకీ మీద ఇలా అరవడం ఇదే మొదలు.

"మా ముత్తవ్వను నేను తుడుసుకుంటుంటే మీకేమైంది?"

"అది వెనకటి కాలం ఫొటో, వెండిపూత పెట్టిన రాగి పలక. బొమ్మ దానిమీద సన్నటి దుమ్ములెక్క ఉంటది. పైనున్న అద్దం పగిలింది కద, ఇగ కొంగు తాకినా చెరిగిపోతది."

ఆమె తండ్రి ఈదయ్య బెదిరిపోయి పలకను రెండు చేతులా బల్ల మీద పెట్టాడు. వాళ్లది మాడుగులపల్లి. వెనకటికి బందరు బాటన పోతున్న ఒక తెల్లదొరకు ముత్తవ్వ దుర్గమ్మ అంబలి పోసిందట. ఆ దొర సంతోషించి, ఆమెను గంటెతో సహా ఎండలో కదలకుండా నిలబెట్టి ఈ బొమ్మ తీసి ఇచ్చాడట. నేరుగా చూస్తే అది ఉత్త అద్దం. కాస్త వంచితే దుర్గమ్మ కనబడుతుంది. గంటె ఆమె ఎడమచేతిలో ఉంది.

సువర్ణదీ ఎడమచేతి వాటమే. ఎడమచేత్తో వడ్డించే పిల్ల మాకొద్దని వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. ఇప్పుడు కోదాడ వాళ్లు చూడటానికి వస్తున్నారు.

"కాగితం మీద పెద్ద ఫొటో చేసియ్యి బిడ్డా. గిది మా వంశంల పెద్దమనిషి చెయ్యి అని వాళ్లకు సూపెడత," అన్నాడు ఈదయ్య.

"చిన్నప్పుడు ఎడమచెయ్యి వాడినందుకు దెబ్బలు తిన్నప్పుడల్ల ఈమె దగ్గరికే పోయి కూసునేదాన్ని," అంది సువర్ణ మెల్లగా.

శ్రావణ మాసం. మబ్బు విడవలేదు, పలకకు సరిపడా వెలుతురు రాలేదు. తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు, మళ్లీ వాన పడింది.

"ఎండ గూడ మా ఊరి నుంచే తేవాల్నా?" అంది సువర్ణ.

"తెస్తే మంచిదే. మీరొస్తేనే వాన పడుతది మరి."

ఆమె నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. సైదులుకు మాత్రం ఆ వాన ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండుననిపించింది.

చివరికి ఎండ కాసింది. కెమెరా సరిచేస్తూ పలకను వంచితే దుర్గమ్మ పోయి, అతని భుజం మీదుగా తొంగిచూస్తున్న సువర్ణ ముఖం కనబడింది. మళ్లీ వంచితే దుర్గమ్మ వచ్చింది. అప్పుడే అతని చూపు బొమ్మలోని దుర్గమ్మ పైట మీద పడింది. పలకను కళ్లకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు.

ఫొటో తీశాడు గానీ ఆ వారమంతా అన్నం సయించలేదు. చూసిన సంగతి చెబితే సువర్ణ మనసు విరుగుతుంది. చెప్పకపోతే ఆమె కోదాడ కోడలవుతుంది. చెప్పాలనుకున్న ప్రతిసారీ, ఇది నిజం కోసమా, తన కోసమా అని తనమీద తనకే అనుమానం వచ్చింది.

వాళ్లు ఫొటో కోసం వచ్చిన రోజు పలకనే వాళ్ల ముందుకు జరిపాడు.

"ఈమె పైట సూడుండ్రి. కుడి భుజం మీదుంది. మన ఆడోళ్లు గట్ల ఏస్తరా? ఇసుంటి పలకల మీద బొమ్మ అద్దంల లెక్క తిరగబడుతది. దుర్గమ్మది కుడిచెయ్యే."

సువర్ణ పలకను దగ్గరికి తీసుకుని వంచి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయితే ఇన్నేండ్లు నాకు తోడెవ్వరు లేనట్టే."

"ఇంకో మాట దాచను. కోదాడ సంబంధం తప్పిపోతే నాకు సంతోషమే. అందుకే ఇది చెప్పాల్నా వద్దా అని పరేషాన్ అయిన." సైదులు కెమెరా వైపు చెయ్యి చూపించాడు. "మీ ఫొటో ఒకటి తియ్యనియ్యండ్రి, గంటె పట్టుకొని. ఇప్పటి ఫొటోల ఎడమచెయ్యి ఎడమచెయ్యే అయితది. రేపు మనింట్ల ఎడమచేతి పిల్ల పుడితే, దానికి నిజమైన తోడును సూపెట్టాలె కద."

"ఎవరింట్ల?"

సైదులు నాలుక కరుచుకున్నాడు. ఈదయ్య అతన్నీ కూతురునీ మార్చి మార్చి చూసి, పలకను ఏమీ తగలకుండా రేకుపెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

సువర్ణ కళ్లు తుడుచుకుని, కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి చాచింది. "గంటె ఏది?"

అతను లోపలికి పరుగెత్తి తన వంటగంటె తెచ్చిచ్చాడు.

"ఎంతసేపు కదలకుండ ఉండాలె?"

"ఇప్పుడు రెప్పపాటు చాలు."

"జర నిదానంగనే తియ్యి," అంది సువర్ణ. "బాపు కోదాడోళ్లను రావద్దని కబురు పంపి రావాలె."