ఉప్పు చేతికి తీసుకోని మనిషి

తాపీ నది ఊళ్లోకి వచ్చి మొదటి అంతస్తులు మింగిన వరదకు అది పదిహేనో ఏడు. ఈసారి నీళ్లు రాలేదు. గాలి కరువైంది. ఏప్రిల్ నెల. సూరత్‌లో పొద్దు గూకితే కర్ఫ్యూ. రోడ్ల మీద కూత పెట్టి పరిగెత్తేవి అంబులెన్సులొక్కటే. ఒకటి పోయేసరికి ఇంకొకటి వచ్చేది. జనానికి అది మిల్లు చప్పుడులాగా అలవాటైపోయింది.

సూరత్ బయట కిమ్ ఊరు దాటాక, మూతపడ్డ ఒక మిల్లు వెనకాల, ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్ ఆగి ఉంది. క్యాబిన్‌లో ఇద్దరు. స్టీరింగ్ ముందు కూర్చున్నది బ్రహ్మచారి, సీక్రెట్ సర్వీస్ పశ్చిమ విభాగం చీఫ్. పక్కన పరుశురాం, ఫీల్డ్ ఏజెంట్. కోడ్ నేమ్ ‘షటిల్’.

“ఈ ఆపరేషన్‌కు పేరు లేదు, ఫైలు లేదు” అన్నాడు బ్రహ్మచారి.

“మంచిది. నేను పోయినా వెతికే పని ఉండదు.”

“విను. హజీరా దారిలో ఆక్సిజన్ ప్లాంటుంది. దాని కంట్రోల్ సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్ దూరింది. బయటి దేశపు ముఠా పని. అది రన్ అయితే కంప్రెసర్లు ఆగుతాయి, వాల్వులు లాక్ అవుతాయి. మళ్లీ స్టార్ట్ చేయాలంటే మూడు రోజులు.”

“ఊళ్లో స్టాక్?”

“తెల్లారేదాకా రావడమే కష్టం.”

పరుశురాం కిటికీ బయటికి చూశాడు. బ్రహ్మచారికి తెలియంది కాదు. పరుశురాం అక్క నర్సవ్వ సర్కారు దవాఖానలో ఆక్సిజన్ మీద ఉంది. అమ్మా నాయినా లేని తమ్ముణ్ని సూరత్ డిండోలిలో, సాంచాలనే మరమగ్గాల చప్పుడు మధ్య, ఒంటి చేత్తో పెంచిన మనిషి. తమ్ముడు కొరియర్ కంపెనీలో పని చేస్తాడని ఇప్పటికీ నమ్ముతోంది.

“దానికి డిజిటల్ తాళంచెవి ఉంది. రెండు ముక్కలు, రెండు చిప్పులు” అన్నాడు బ్రహ్మచారి. “రెండూ ఒక ఫోన్‌లో కలిస్తే స్క్రీన్ మీద రెండు బటన్లు. ఎర్రది రన్. పచ్చది కిల్. ఆ ఫోన్ వాళ్ల చేతికి పోతే ఊరంతటి పీక మీద కాలు పెట్టి షరతులు మాట్లాడతారు. ముక్కలు కలవకపోయినా తిప్పలే. ఇవాళ ఏడింటికి దానంతట అదే రన్ అవుతుంది. మనకు కావలసింది పచ్చ బటన్, ఏడు కొట్టే లోపల.”

“ముక్కలు ఎక్కడ?”

“ఒకటి మన దగ్గరుంది. పొద్దున ముంబై ఎయిర్‌పోర్ట్‌లో కొరియర్‌ను పట్టుకున్నాం. కీర్తి షా. హాంకాంగ్‌లో పుట్టి పెరిగిన గుజరాతీ, వజ్రాల దళారీ. చిప్పు అతని మాస్కులో, ముక్కు మీది తీగ కింద దొరికింది.” బ్రహ్మచారి ఒక నల్ల మాస్కు అందించాడు. “నువ్వే కీర్తి షా. రెండో ముక్క నిఖిత దగ్గరుంది.”

“ఏ నిఖిత?”

“డబుల్ ఏజెంట్. మనకూ వార్తలమ్ముతుంది, వాళ్లకూ అమ్ముతుంది. ఎవరి మనిషో ఆమెకైనా తెలుసో లేదో. ట్రస్ట్ జీరో. డుమస్ రోడ్డు మీద ‘పగోడా నైన్’ అని ఏషియన్ రెస్టారెంట్. ఆరుంబావుకు టేబుల్. ఒక్కటి గుర్తు పెట్టుకో. కీర్తి షా జైన్. ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు, మట్టిలో పెరిగిన దుంప ఏదీ వద్దు.”

“చైనా తిండిలో వెల్లుల్లి తీసేస్తే ఇంకేం మిగులుతుంది సార్?”

“దేశభక్తి” అన్నాడు బ్రహ్మచారి.

కారులో ఊళ్లోకి వస్తుంటే ఫోన్ మోగింది. వీడియో కాల్. తెల్ల పీపీఈ సూట్ వేసుకున్న నర్స్ ఎవరో ఫోన్ పట్టుకుని ఉంది. మాస్కు లోపల నర్సవ్వ మొహం సగమే కనిపిస్తోంది.

“పర్శీ, తిన్నవా?”

“తిన్న. నువ్వు తిన్నవా అక్కా?”

“ఏం తినాలె రా. ఈడ పెట్టేదాంట్ల ఉప్పు లేదు, కారం లేదు. నోరంత సప్పబడ్డది.” మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంది. “చౌక్ కాడి ఖావ్సా మీద పానం కొట్టుకుంటున్నది.”

ఖావ్సా అంటే బర్మా నుంచి తిరిగొచ్చిన సూరత్ వాళ్లు వెంట తెచ్చుకున్న వంట. నూడుల్స్ మీద కొబ్బరిపాల పులుసు పోసి, వేయించిన కారప్పూస చల్లుతారు. కూలి డబ్బులు చేతికొచ్చిన రోజు అక్క తమ్ముణ్ని చౌక్‌కు తీసుకుపోయి తినిపించేది. పైసలు తక్కువైతే వీధి చివరి తోపుడుబండి మీద మంచూరియా. పరుశురాంకు పెద్ద హోటళ్ల తిండి ఎంత తిన్నా ఆ రుచి ముందు ఆనేది కాదు.

“రేపు పొద్దుగాల నేనే తెస్త” అన్నాడు.

ఏజెంట్లు మాటివ్వకూడదు. అతను ఇరవై ఏళ్లలో ఇచ్చింది అదొక్కటే.

పగోడా నైన్ తొమ్మిదో అంతస్తులో ఉంది. గుమ్మం దగ్గర ఒకడు మణికట్టుకు టెంపరేచర్ గన్ పెట్టాడు, ఇంకొకడు చేతులకు శానిటైజర్ కొట్టాడు. లోపల ఎర్ర లాంతర్లు, వెదురు తడికెలు, కిటికీ వారగా పెద్ద చేపల తొట్టి. టేబుల్ విడిచి టేబుల్‌కు కాగితం అంటించి ఉంది, కూర్చోవద్దని. కూర్చునే టేబుళ్లకు కూడా మధ్యలో ప్లాస్టిక్ అద్దం నిలబెట్టి ఉంది, కింద జానెడు సందు వదిలి. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జైల్లో ములాఖత్‌కు వచ్చినట్టున్నారు.

నిఖిత కిటికీ పక్కన ఉంది. ఆకుపచ్చ సిల్కు చీర, చెవులకు సన్నటి వజ్రాలు. ఆమె మాస్కు తీసి పక్కన పెడితే రెండు టేబుళ్ల అవతల వడ్డించే మనిషి గరిట ఆపి చూశాడు. ఆమె వెనక టేబుల్ దగ్గర బూడిదరంగు సూట్ మనిషి ఒక్కడే కూర్చున్నాడు. విదేశీయుడు. ఒళ్లో న్యాప్కిన్ పరుచుకున్నాడు, దాని కింద ఎత్తుగా ఏదో ఉంది. న్యాప్కిన్ కింద ఎవరూ స్పూన్ దాచుకోరు.

“ఇక్కడి ఖావ్సాలో కొబ్బరిపాలు ఎక్కువ” అంది నిఖిత ఇంగ్లీషులో. అది కోడ్.

“రంగూన్‌లో తక్కువే పోస్తారు” అని జవాబిచ్చి కూర్చున్నాడు.

టేబుల్ మీది క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే మెనూ వచ్చింది. జైన్ డిమ్‌సమ్ కుడుములు, జైన్ థాయ్ కర్రీ, దోసకాయతో జైన్ సుషీ. దుంపల బదులు అరటికాయ. సూప్ వచ్చింది. వేడిగా ఉంది తప్ప దాంట్లో ఇంకే గుణమూ లేదు. బోర్డర్‌లో మంచు తిని బతికిన రోజులు నయమనిపించింది పరుశురాంకు. మొహంలో మాత్రం కీర్తి షా చిరునవ్వు చెదరలేదు.

“ఉప్పు తక్కువైనట్టుంది” అంది నిఖిత. చిన్న పింగాణీ గిన్నెలో ఉప్పు ఉంది. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, అద్దం కింది సందులోంచి అతని చేతికి అందివ్వబోయింది.

అదే హ్యాండోవర్. చిప్పు ఆ ఉప్పు అడుగున ఉంది. అందుకోవడమొక్కటే పని. బూడిదరంగు సూట్ మనిషి కళ్లు ఆ గిన్నె మీదే ఉన్నాయి.

పరుశురాం చెయ్యి ముందుకు పోయింది. పోయి, గిన్నె అందుకోలేదు. వేలితో టేబుల్ మీద తట్టింది, అక్కడ పెట్టమని.

ఆ పని చేసింది ఏజెంట్ షటిల్ కాదు, కీర్తి షా కాదు. నర్సవ్వ తమ్ముడు చేశాడు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఉప్పు, కారం చేతికివ్వరు. ఇస్తే కొట్లాట వస్తుంది. కింద పెట్టాలి, రెండోవాళ్లు తీసుకోవాలి. పొరపాటున చేతికిస్తే, ఆ కొట్లాట రాకుండా వెంటనే వేలు గిచ్చాలి. చిన్నప్పుడు మరిచిపోయి చెయ్యి చాచినప్పుడల్లా అక్క గరిటె కాడతో వేళ్ల మీద కొట్టేది. ఇరవై ఏళ్ల ట్రైనింగ్ నడక మార్చింది, గొంతు మార్చింది, పేరు ఎన్నిసార్లు మార్చిందో అతనికే గుర్తు లేదు. ఆ దెబ్బ మాత్రం వేళ్లలో అలాగే ఉండిపోయింది.

వెనక టేబుల్ దగ్గర న్యాప్కిన్ కదిలింది.

నిఖిత చెయ్యి గాలిలోనే ఆగింది. ఆమె అతని వేలి వంక చూసింది, తర్వాత మొహం వంక చూసింది. అంతలోనే గట్టిగా నవ్వింది.

“నో కాంటాక్ట్. వెరీ గుడ్, మిస్టర్ షా. హాంకాంగ్ వాళ్లకు మాకంటే జాగ్రత్త ఎక్కువ” అని అందరికీ వినపడేట్టు అని, గిన్నె టేబుల్ మీద పెట్టింది. న్యాప్కిన్ కదలడం ఆగింది.

ఆమె నవ్వు మొహం అలాగే పెట్టుకుని, పెదవులు కదిలీ కదలకుండా, తెలుగులో అడిగింది.

“ఏ ఊరన్నా మీది?”

పరుశురాం సూప్‌లో స్పూన్ తిప్పసాగాడు.

“హాంకాంగ్‌ల పుట్టినోడు ఉప్పు కింద పెట్టమంటడా? సిరిసిల్లనా, యేములాడనా?” అంటూ ఆమె చాప్‌స్టిక్స్ చేతిలోకి తీసుకుంది. “ఇవి ప్లేటు మీద అడ్డంగ పెడితే నా ఎనుక ఉన్నోడు నిన్ను కాలుస్తడు. జల్ది చెప్పు. పోలీసోనివా?”

అబద్ధాలు అతనికి తొంభై రకాలు వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

“మా అక్క దవాఖానల ఉన్నది” అన్నాడు. “గాలి మీద.”

చాప్‌స్టిక్స్ ప్లేటు మీద ఆనలేదు.

“ఏ వార్డు?”

“కొత్త బిల్డింగ్. రెండో అంతస్తు.”

“మా నాయిన పోయిన వారం గక్కడనే పోయిండు” అంది నిఖిత. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కళ్లలో లేదు. “మొండయ్య. డిండోలిల సాంచాలు నడిపిండు. సిలిండర్ మార్చెటాళ్లకు ఆలస్యమైంది. గంతే.”

“మరి ఈళ్లతోని ఎందుకున్నవ్?”

“నా దగ్గరున్నది సగమే గదన్నా. ఇంకో సగం తెచ్చేటోడు ఎవడో వస్తడు, వాని దగ్గర గుంజుకుందామని కూసున్న. నువ్వు నిజంగ కీర్తి షావే అయితే నీకు రాబోయే డిమ్‌సమ్‌ల ఏముండేదో అడగకు.”

అప్పుడే డిమ్‌సమ్ వచ్చింది. పక్కన చిన్న గిన్నెలో ఎర్రటి మిరపనూనె. పరుశురాం ప్లేటును మర్యాదగా పక్కకు జరిపాడు.

ఉప్పు వేసుకున్నట్టు వేసుకుని, వేళ్ల మధ్య చిప్పు దొరకబుచ్చుకున్నాడు. మాస్కు సర్దుకుంటూ ముక్కు తీగ కింది చిప్పు లాగాడు. టేబుల్ కింద రెండూ ఫోన్‌లోకి ఎక్కించాడు. స్క్రీన్ మీద ఒక గీత నెమ్మదిగా నిండుతోంది. గోడ గడియారంలో పెద్ద ముల్లు పన్నెండుకు దగ్గరైంది.

నీడ పడింది. బూడిదరంగు సూట్ మనిషి టేబుల్ పక్కకొచ్చి నిలబడ్డాడు. న్యాప్కిన్ అతని చేతికి చుట్టి ఉంది.

“ద ఫోన్, మిస్టర్ షా.”

“ఇంకా కలవలేదు.”

“కలిసేది నేను చూసుకుంటాను. ఇవ్వండి.” న్యాప్కిన్ మొన పరుశురాం పక్కటెముకలకు ఆనింది. “నా వంతు సూప్ చల్లారిపోతోంది.”

గీత నిండింది. ఎర్ర బటన్, పచ్చ బటన్ వెలిగాయి. బొటనవేలు జరిపితే తుపాకీ పేలుతుంది. జరపకపోతే ఊరు ఊపిరి ఆగుతుంది. పరుశురాం వేలు ఎత్తాడు.

“సార్” అని పిలిచింది నిఖిత తియ్యగా. సూట్ మనిషి తల తిప్పాడు.

ఆమె ఉప్పు ఎవరి చేతికీ ఇవ్వలేదు. కారం మాత్రం నేరుగా కళ్లకే ఇచ్చింది. గిన్నెడు మిరపనూనె మొహాన పడింది. వాడు ఊళపెట్టి గుడ్డిగా రెండుసార్లు కాల్చాడు. ప్లాస్టిక్ అద్దం ముక్కలైంది. పరుశురాం బొటనవేలు పచ్చ బటన్ మీద పడడం, ముల్లు పన్నెండు మీదికి రావడం ఒక్కసారే జరిగాయి. స్క్రీన్ నల్లబడింది. తర్వాత మూడు అక్షరాలు వచ్చాయి: కిల్డ్ అని కాదు, ఓకే అని కాదు, ‘బై’ అని ఇంగ్లీషులో.

పరుశురాం రెండో చెయ్యి అప్పటికే సూట్ మనిషి దవడ మీద ఉంది. వాడు చేపల తొట్టిలో పడ్డాడు, మళ్లీ లేవలేదు.

నిఖిత కుర్చీలోనే ఉంది. ఆకుపచ్చ సిల్కు భుజం దగ్గర నల్లగా తడుస్తోంది.

“బందయిందా?” అంది.

“అయింది.”

“జర గట్టిగ చెప్పు.”

“అయింది చెల్లే.”

బ్రహ్మచారి మనుషులు లిఫ్ట్‌లో వచ్చారు. కింద అంబులెన్స్ సిద్ధంగా ఉంది. ఆ ఏడు సూరత్‌లో అంబులెన్స్ ఎందుకొచ్చిందని అడిగే మనిషి లేడు. ఎక్కించేటప్పుడు ఆమె మంచి చెయ్యి చాచి అతని చిటికెనవేలు గిచ్చింది.

“కారం నేనే చల్లిన గదన్నా. కొట్లాట మన నడుమ రావద్దు.”

తలుపులు మూసుకున్నాయి. ఆ బండి ఏ దవాఖానకు పోతుందని పరుశురాం అడిగాడు.

“ఏ బండి?” అన్నాడు బ్రహ్మచారి.

“సార్, ఆమె బతుకుతుందా?”

“ఎవరు?”

ఆ పైన అడగడం వాళ్ల ఉద్యోగంలో లేదు. రోడ్డు చివర ఎర్ర లైటు మలుపు తిరిగేదాకా చూశాడు. దాని వెనకే ఇంకో అంబులెన్స్ వచ్చింది, ఏది ఏదో కలిసిపోయింది. చిటికెనవేలు రాత్రంతా మండుతూనే ఉంది.

తెల్లవారి పరుశురాం చౌక్‌కు పోయాడు. షట్టర్ సగమే ఎత్తి పార్సెల్ ఇస్తున్న ఖావ్సా దుకాణం ముందు, సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి వంతు వచ్చేదాకా ఆగాడు. డబ్బా పట్టుకుని దవాఖాన గేటు దగ్గరికి చేరాడు. లోపలికి పోనివ్వరు. తెల్ల సూట్ మనిషి ఒకామె డబ్బా లోపలికి తీసుకుపోయి, చాలాసేపటికి తిరిగొచ్చింది.

“సగం తింది మీ అక్క” అంది హిందీలో. “ఉప్పు తక్కువైందట. తమ్ముడు ఎప్పుడూ ఏదో ఒకటి మరుస్తాడని తిడుతోంది.”

పరుశురాం నవ్వాడు. జేబులోంచి కాగితంలో కట్టిన ఉప్పు పొట్లం తీశాడు. ఆమె గ్లవ్ వేసుకున్న చెయ్యి చాచింది. అతను పొట్లాన్ని గేటు పక్క గోడ మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగాడు.

“శభాష్” అందామె, పొట్లం తీసుకుంటూ. “ఊళ్లో అందరూ నీలాగా రూల్ పాటిస్తే కరోనా ఎప్పుడో పోయేది.”