బోర్లా పెట్టిన ఫోర్కులు

"ఏమే మిరేయ్, మనింటికి భోజనానికి వచ్చేది ఇంగ్లీషువాళ్ళా ఏమిటి?"

గుమ్మంలోంచే అత్తగారు ఓర్తాన్స్ వేసిన కేకకి మిరేయ్ చేతిలోని గ్లాసు జారినంత పనైంది! మధ్యాహ్నం నుంచీ ఆ బల్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది పాపం. తెల్లగుడ్డ పరిచి, పరిచాక దాని మీదే మళ్ళీ ఇస్త్రీ చేసింది. గ్లాసులకు ఆవిరి పట్టి తుడిచింది, కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎడం జానతో కొలిచింది... అయినా మనసు నిలిస్తేనా! ఏడున్నరకి వియ్యాలవారు వస్తారు. సవతికూతురు క్లెమాన్స్ నిశ్చితార్థం విందు. దిజోన్ పట్నంలో ఆస్తి దస్తావేజులు రాసే పేరున్న నోటరీల కుటుంబం వాళ్ళది. బల్ల సర్దిన తీరు చూసి ఇంటి గుణం చెప్పే రకం మనుషులు.

"ఫోర్కులన్నీ ఆ ఇంగ్లీషువాళ్ళలా వెల్లకిలా పడేశావేం? బోర్లా పెడితేనేగా వెనక చెక్కిన పేరు కనపడేది! పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటూ ఇదీ తెలీదూ?"

తెలియక కాదు... ఆ వెండి సెట్టు తన భర్త ఎతియెన్ మొదటి భార్య ఫ్లోరాన్స్‌ది. ప్రతిదాని వెనకా ఆమె పేరులో మొదటి అక్షరం చెక్కి ఉంటుంది. పన్నెండు ఫోర్కుల్లో ఇప్పుడున్నవి పదకొండే! పన్నెండోది వంటింటి సొరుగులోంచి తెచ్చిన మామూలుది. బోర్లా పెడితే ఆ నున్నటి వీపు వియ్యపురాలి కంట పడుతుంది. తన పరువు పోతే పోయింది, పిల్ల పరువు పోకూడదని అన్నిటినీ తిప్పిపెట్టింది మిరేయ్.

"ఎలా తెలుస్తుందిలే! ఉన్న పన్నెండులో ఒకదాన్ని బంగాళాదుంప తొక్కలతో పాటు చెత్తలో పారేసిన చెయ్యి కదా!" అంది ఓర్తాన్స్. ప్రతి క్రిస్మస్‌కీ, ప్రతి ఈస్టర్‌కీ ఈ దెప్పు తప్పదు. మిరేయ్ ఏనాడూ బదులు చెప్పలేదు.

ఇంతలో సగం దువ్విన జుట్టుతో క్లెమాన్స్ మెట్లు దిగి వచ్చింది. బల్ల చూసి అక్కడే ఆగిపోయింది.

"మిరేయ్! ఇవాళ కూడానా... ఇవాళ కూడా మా అమ్మ పేరు ఈ బల్లమీద కనపడకూడదా నీకు?"

ఆ మాట గుండెలో దిగబడింది! ఆరేళ్ళప్పటి నుంచీ జడలల్లి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచిన పిల్ల... ఎంత మాట అంది! మిరేయ్ పెదవి కొరుక్కుని బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కొక్క ఫోర్కునూ బోర్లా తిప్పింది. ఫ్లోరాన్స్ అక్షరం పదకొండుసార్లు మెరిసింది. చివరిది తన చోటు. అక్కడ ఉత్త నున్నటి వీపు!

"ఇంటి ఇల్లాలు కూర్చునేది బల్ల నడిమధ్య, మొగుడికి ఎదురుగా! వాళ్ళ కళ్ళు ముందు పడేది అక్కడే," అంది ఓర్తాన్స్. "నీకు తలనొప్పిగా ఉందని చెబుతాలే. వంటింట్లోనే ఉండు. పదకొండుతో సరిపోతుంది."

"సరే అత్తయ్యా..." అంది మిరేయ్. తన పళ్ళెం తీయడానికి చెయ్యి చాచింది. పిల్ల నిశ్చితార్థం, తలుపు వెనక నిలబడి వినడమే రాసిపెట్టి ఉందనుకుంది!

క్లెమాన్స్ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె చూపు నున్నటి ఫోర్కు మీదే ఉంది.

"ఆగు మిరేయ్... నానమ్మా, ఆ ఫోర్కు చెత్తలో పడలేదు. నేనే తీసుకెళ్ళాను."

"ఏమిటే?"

"అమ్మ పోయిన మరుసటేడు సమాధుల పండగకి చామంతుల కుండీ పెట్టడానికి వెళ్ళాం కదా... అమ్మకి అక్కడ తినడానికి ఏమీ లేదని కుండీ కింద పాతిపెట్టాను. ఇంటికొచ్చాక నా గోళ్ళలో మట్టి కడిగింది మిరేయే! మర్నాడు నువ్వు లెక్కపెట్టి అరిచావు చూడూ... 'తొక్కలతో నేనే పారేశాను' అంది తను. నేను బల్లకింద కూర్చుని విన్నాను నానమ్మా! భయంతో అప్పుడు నోరు విప్పలేదు. తర్వాత సిగ్గుతో విప్పలేదు. ఇన్నేళ్ళూ నువ్వు తనని తిడుతుంటే వింటూ మింగాను... పైగా ఇప్పుడు నేనూ అన్నాను!" వెక్కి వెక్కి ఏడ్చింది క్లెమాన్స్.

ఓర్తాన్స్ దగ్గర్లోని కుర్చీలో కూలబడింది. "నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే తవ్వించేవారు అత్తయ్యా..." అంది మిరేయ్. "పసిపిల్ల వాళ్ళమ్మకి ఇచ్చుకుంది. ఇచ్చింది వెనక్కి ఎలా తెస్తాం?"

క్లెమాన్స్ కళ్ళు తుడుచుకుని తన చోటులోని వెండి ఫోర్కును మిరేయ్ పళ్ళెం పక్కన బోర్లా పెట్టింది. నున్నటిదాన్ని తన ముందుకు తెచ్చుకుంది.

"ఎవరైనా అడిగితే చెబుతాను. ఒకటి మా అమ్మ దగ్గర ఉంది, ఒకటి మా అమ్మ ముందు ఉంది అని."

పద్దెనిమిదేళ్ళలో ఆ పిల్ల నోట తనకి ఆ పిలుపు ఇదే మొదటిసారి! మిరేయ్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే వీధి తలుపు గంట మోగింది.

"ఏమే, ఇంకా చూస్తావేం?" ఓర్తాన్స్ లేచి, కోడలి నడుముకున్న వంటగుడ్డ ముడి తానే విప్పింది. "కళ్ళు తుడుచుకుని వెళ్ళి తలుపు తియ్యి. పిల్ల తల్లివి... నువ్వుగాక ఇంకెవరు తీస్తారు?"