మలుపులో ఎదురొచ్చే బండి

పెట్రోలు బంకు దాటాక వచ్చే ఆ కొండమలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ మన వరసలోనే ఎదురుగా ఒక కారు వస్తుందట. హారన్ కొట్టినా తప్పుకోదట. చూసినవాళ్ళలో కొందరు చెప్పడానికి మిగల్లేదు.

ఆ రాత్రి ఆ దారిన వెళ్ళినవాళ్ళు వదినా ఆడపడుచులు. కార్లు అద్దెకిచ్చే ఆఫీసులో గుమస్తా తాళాలు చేతిలో పెడుతూ, గొంతు తగ్గించి ఆ సంగతి చెప్పాడు. పగలే వెళ్ళమన్నాడు. సలహాకేం, తేలికే. పనిమీద ఈ దేశం వచ్చిన వదిన భర్త మెట్లమీంచి పడి, కొండకవతల ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. తలకి ఆపరేషను చెయ్యాలి. భార్య సంతకం కావాలి, అదీ ఈ రాత్రికే. విమానం దిగినవాళ్ళు దిగినట్టే బయల్దేరారు.

వదినది పన్నెండేళ్ళుగా కారు నడిపిన చెయ్యి. అయినా అలవాటుకొద్దీ కుడివైపు తలుపు తీసి కూర్చుంటే, ముందు స్టీరింగే లేదు. ఇక్కడ స్టీరింగు ఎడమవైపు, బండి నడవాల్సింది రోడ్డుకి కుడిపక్క.

"ఏం వదినా, గాలిని తిప్పుతావా?" అంది ఆడపడుచు.

ఆ తర్వాత గంటన్నరపాటు ఇద్దరూ నవ్వలేదు.

బంకులో ఆగి పెట్రోలు నింపుకున్నారు. వదిన మొహం కడుక్కుంది. మళ్ళీ రోడ్డెక్కేసరికి మంచు కమ్మేసింది. ముందు బండి లేదు, వెనక బండి లేదు. ఆమె కళ్ళల్లో భర్త మొహమే. చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పుతున్నాయి.

మలుపు...

"వదినా..." ఆడపడుచు గొంతు పీలగా వచ్చింది. "ఎదురుగా..."

రెండు లైట్లు. కదలనట్టే ఉండి — దగ్గరపడుతున్నాయి. సరిగ్గా వాళ్ళ వరసలోనే. వదిన హారన్ నొక్కి పట్టింది. అవి తప్పుకోలేదు. అటునుంచీ హారన్... పొడుగ్గా, ఏడుపులా.

ఎడమన లోయ. ఆమె కళ్ళు మూసుకుని కుడికి తిప్పేసింది.

లైట్లు ఆమె కిటికీ పక్కనుంచే వెళ్ళాయి — గాలి కూడా కదల్లేదు.

బ్రేకు తొక్కింది. వెనక ఆ బండీ ఆగింది. మంచులోంచి ఒక ముసలాయన వచ్చాడు. నాలుగడుగుల దూరంలో నిలబడి, చెయ్యి చాపి, కారుని వేలికొసతో తాకిచూశాడు.

"మీరు... మనుషులేనా?"

అప్పుడు వెలిగింది వదినకి. బంకు దగ్గర్నుంచీ తను ఎడమపక్కనే నడుపుతోంది! జనాన్ని వణికించే ఆ బండి తనదే. అద్దెకారు తీసుకుని, బంకులో ఆగి, ఏ దేశంలో ఉన్నారో మరిచిపోయి రోడ్డెక్కిన అందరిదీ.

క్షమించమంటూ ఆసుపత్రి మాట చెప్పింది. ముసలాయన తలూపాడు. పదకొండేళ్ళుగా ఇదే దారిన ఇంటికి పోతున్నాడట, పక్కకి తప్పుకున్నది ఈమె ఒక్కతేనట.

ఆపైన కుడిపక్క గీత వదలకుండా నడిపి, పదింటికల్లా సంతకం పెట్టింది. మనిషి దక్కాడు. ఈ కథంతా ఆయనకి నవ్వుతూ చెబుతుంది కూడా. "మరి మిగతా బళ్ళు?" అని ఆ మలుపులో ఆడపడుచు అడిగితే ముసలాయన అన్న మాట మాత్రం ఈరోజుకీ చెప్పలేదు.

"నాలోంచే వెళ్ళిపోయాయమ్మా."