మీగడ రంగు

దసరా వచ్చిందని బహ్రెయిన్‌లో, అరాద్ ఊళ్లో ఆ వీధికి తెలియదు. ఒక్క వీరవేణికి తెలుసు. అయిదింటికే తలంటుకుని, మంచంలో ఉన్న ముసలి మేడం మొహం తుడిచి, టీ తాగించి, పెరట్లో తనూ భర్త సోమరాజూ ఉండే గది గడపకి పసుపు రాసింది.

"మనామా వెళ్లి కొబ్బరికాయా నిమ్మకాయలూ తెస్తానే. బస్సులో పడి వచ్చేసరికి పది దాటుద్ది," అన్నాడు సోమరాజు, చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటూ. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి. వీరవేణి వంగి వాటిని ముందుకు జరిపింది.

"బొట్లు కారు టైర్లకే పెట్టు. రంగు మీద చెయ్యి పడిందో, ఊరుకోను."

"పందొమ్మిదేళ్ల నుంచి వింటన్నానండీ ఆ మాట. ఎల్లిరండి."

ఆ కారు మేడం భర్తది. ఇంట్లో అందరూ ఆయన్ని బాబా అనేవారు. నలభై ఏళ్ల కిందట ఫ్యాక్టరీలో వేసిన మీగడ రంగే తప్ప దాని మీద మరో పూత పడలేదు. పోయేముందు బాబా తాళాలు సోమరాజు చేతిలో పెట్టి, కంపెనీ రంగు జాగ్రత్త అన్నాడు. సోమరాజు ఆ మాటని వేదంలా పట్టుకున్నాడు. రెండేళ్ల కిందట కళ్లకి నీటికాసులు వచ్చి చూపు తగ్గి, కారుని గేటు స్తంభానికి తాకించబోయాక డ్రైవింగు మానేశాడు. అయినా కారు చూసుకుంటాడులే అని మేడం అతన్ని ఉంచేసింది.

నిన్న సాయంత్రం అదే మేడం, కొడుకు జాసిం కారుని ఇంట్లోంచి పంపేస్తున్నాడని వీరవేణి చెవిన వేసింది. కారు పోతే సోమరాజుకి ఇక్కడ పనేముంది? ఊరికి పంపేస్తారు. వీరవేణి మాత్రం ఇంకో రెండేళ్ల పని ఒప్పందానికి సంతకం పెట్టేసింది. చూపు ఆనని మనిషిని ఒంటరిగా విమానం ఎక్కించి తను ఇక్కడ ఎలా ఉంటుంది? రాత్రంతా ఆమెకి కంటి మీద కునుకు లేదు.

అందుకే, భర్త గేటు దాటగానే, టైర్లకి పెట్టే బొట్టుతో అమ్మవారు వింటుందా అనిపించింది. అతను అటు వెళ్లగానే జాసిం కారుని షెడ్డులోంచి తీసి వాకిట్లో పెట్టాడు. గాలికి రాలిపోకుండా కుంకుమని కొబ్బరినూనెలో కలిపి, బానెట్ నడిమధ్య పెద్ద బొట్టు పెట్టింది. "తల్లీ, ఈ కారు గుమ్మం దాటకుండా చూడు. మమ్మల్ని విడదియ్యకు," అని దణ్ణం పెట్టుకుని మేడం గదిలోకి పోయింది.

గంటన్నర తర్వాత వచ్చి చూస్తే ఏముంది! ఎండకి నూనె కరిగి, ఎర్రగా కారి, రంగులోకి ఇంకిపోయింది. తుడిస్తే పోలేదు. సబ్బు పెడితే పోలేదు. జిడ్డు వదలకపోతే ఏం చెయ్యాలో ఇళ్లలో పనిచేసే ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. గిన్నెలు తోమే పీచూ పౌడరూ తెచ్చి బలంకొద్దీ రుద్దింది. మరక పోయింది. మరకతో పాటు అరచేతి మేర రంగూ పోయింది.

సోమరాజు వచ్చాడు. కారు బయట ఉందేమిటని దగ్గరికెళ్లి, అలవాటు చొప్పున బానెట్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి గరుకు దగ్గర ఆగిపోయింది.

"ఏంటిదే?"

"బొట్టు పెట్టానండి. పోవట్లేదని తోమాను."

"తోమావా? ఇదేమన్నా అంట్ల గిన్నె అనుకున్నావా?" సంచి కింద పడి నిమ్మకాయలు దొర్లిపోయాయి. "కంపెనీ రంగే ఇది! బ్రహ్మదేవుడు దిగొచ్చినా మళ్లీ రాదు. పందొమ్మిదేళ్లు కళ్లల్లో వత్తులేసుకుని కాపాడితే, ఒక్క పూటలో పొట్టన పెట్టుకున్నావు కదే!"

వీరవేణి వంగి నిమ్మకాయలు ఏరింది.

కేకలకి జాసిం బయటికి వచ్చాడు. అతన్ని చూడగానే సోమరాజు భార్యకి అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే తోమాను సార్. పొరపాటు నాదే. దీనికేం తెలీదు."

జాసిం బానెట్ వైపు చూశాడు. పనివాళ్లతో మాట్లాడే హిందీలోనే మెల్లగా చెప్పాడు. "ఎవరు తోమితే ఏముంది? పోయినవారం పాత కార్లు కొనే మనిషొచ్చి చూశాడు. పైకప్పు మీద రంగు లేదు, తలుపుల మీద లేదు, పై అంచుల్లో లేదు. అడుగునున్న బూడిద పూత తేలిపోయింది. కంపెనీ రంగు లేని కారు వద్దన్నాడు. ఇవాళ వర్క్‌షాపు వాళ్లొచ్చి పట్టుకెళ్తారు. అంతా గీకేసి కొత్త రంగు కొడతారు. తర్వాత అమ్మేస్తాను."

"లేకపోవడమేంటి సార్? నేను రోజూ పాలిష్ పెడుతున్నాను."

"అందుకే లేదు, సోమరాజూ. పాలిష్ పెట్టినప్పుడల్లా కొంత రంగు పోతుంది. ఏడాదికి ఒక్కసారని నాన్న నీకు చెప్పలేదా?"

చెప్పకేం, నేర్పిందే ఆయన. "మసకబారినట్టు కనపడింది సార్. ఎంత పెట్టినా మెరవలేదు. అందుకే రోజూ..." అంటూ ఆగిపోయాడు. మసకేసింది కారుకి కాదని అప్పుడు తెలిసింది అతనికి.

"నెలాఖరుకి టికెట్ తీస్తాను. ఊరెళ్లి కళ్లు చూపించుకో. ఇక్కడి పని ఖలాస్," అని జాసిం లోపలికి వెళ్లిపోయాడు. కోపంగా అన్నా బాగుండేది.

సోమరాజు భార్య వైపు తిరిగి అడిగాడు. "నీకు తెలుసా?"

"తెలుసండి. మీరు తుడిచిన గుడ్డలు ఉతికేది నేనే కదా. ఇదివరకు మీగడ రంగు నీళ్లొచ్చేయి. నిరుడు ఎండాకాలం నుంచి బూడిద రంగు వస్తన్నాయి."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనండి? డ్రైవింగు పోయింది. ఈ పనీ లాగేసుకుంటే ఏమైపోతారోనని భయమేసింది." ఆమె నుదురు కొట్టుకుంది. "అప్పుడే చెప్పుంటే కాస్తన్నా మిగిలేది. నా నోరు పడిపోను!"

అతను పైకప్పు మీద చెయ్యి ఆనించాడు. "ఇక్కడ?"

"లేదండి."

డ్రైవరు తలుపు మీద ఆనించాడు. "ఇక్కడో?"

"అక్కడా లేదు."

"పలచబడకుండా ఎక్కడన్నా ఉందా?"

వీరవేణి అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, వెనక తలుపు కింద అంచుకి వేళ్లు తాకించింది. "ఇక్కడుందండి. జానెడంత."

"ఇక్కడెలా మిగిలింది?"

"మోకాళ్లు వంగక ఇక్కడ మీరు తుడవలేదు."

సోమరాజు ఆ జానెడు చోటుని వేళ్లతో తాకుతూ ఉండిపోయాడు. తర్వాత భోరున ఏడ్చాడు. పందొమ్మిదేళ్లలో వీరవేణి అతని ఏడుపు వినలేదు. కొంగుతో అతని మొహం తుడుస్తూ తనూ ఏడ్చింది.

"నిన్ను అన్నేసి మాటలన్నాను. రంగు తీసేసింది నేనే," అన్నాడు ఆమె భుజం తడుముకుంటూ.

"ఊరుకోండి. పోనీండి."

"ఊరెళ్తే సరే. అక్కడ ఏది ఉందో, ఏది లేదో, నాకెవరు చెప్తారే?"

వీరవేణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.