గడప మీద ఆగిపోయిన సీరియల్

నర్సాపురం రేవు దగ్గరి ఆ వీధిలో తెల్లవారగానే అందరి ముక్కులనూ పలకరించేది అప్పాయమ్మ చేపల పులుసు. రొయ్యల షెడ్డుకి పనికి బయలుదేరేలోగానే మట్టి దాకలో పులుసు కాచి దించి, మూత పెట్టి, ఆ మూత మీద చిన్న రాయి కూడా పెట్టేది. మధ్యాహ్నం దాకా ఆ మూత ఎవరూ తీయకూడదు. పులుసు ఊరాలి. గరిటె పెట్టకూడదు. దాకని రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి తిప్పాలి, అంతే. ఇది ఆమెకి వాళ్ల అత్తగారు చెప్పిన పద్ధతి. ఆమె తన కోడలు లక్ష్మీదుర్గకి చెప్పింది. దుర్గ "అలాగే అత్తా" అంది. ఆ అలాగేలో ఏదో తేడా ఉందని అప్పాయమ్మకి మొదటినుంచీ అనుమానమే.

ఆ రోజు కూడా ఆమె పొయ్యి ముందు కూర్చుని, చింతపండు పిసుకుతూ తనలో తను మాట్లాడుకుంటోంది.

"ఏమే చంచలా, దాకలో తలకాయ ఏదే?" అని బొంగురు గొంతుతో గద్దించి, ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి పులుసులో వేసింది.

"పిల్లి ఎత్తుకుపోయిందండీ అత్తయ్యా" అని సన్నటి గొంతుతో గునిసి, మళ్లీ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది.

"ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావ్?" అన్నాడు కొడుకు జానకిరామ్, పళ్లు తోముకుంటూ. ఐసు ఫ్యాక్టరీ నుంచి షెడ్లకి ఆటోలో ఐసు దిమ్మలు తోలడం అతని పని.

"నీకెందుకురా? అది ఇవాల్టి భాగం."

భాగం అంటే సీరియల్ భాగం. జానకిరామ్ బడికి పోయే రోజుల్లో టీవీలో "రెండు వాటాల ఇల్లు" అని ఒక నవ్వుల సీరియల్ వచ్చేది. భద్రమ్మ అత్తగారు, చంచల కోడలు. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో ఒక తలుపు, రోజుకో తగువు. అది వచ్చే వేళకి వీధిలో మనిషి కనపడేవాడు కాదు. ఒక మంగళవారం చంచల సంచీ పట్టుకుని గడప మీద నిలబడింది, వెళ్లిపోతానని. భద్రమ్మ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. అక్కడికి ఆపారు. మరుసటి మంగళవారం అందరూ టీవీల ముందు చేరితే ఎవరో పిల్లలు డాన్సులు చేస్తున్నారు. సీరియల్ తీసేశారట. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఫోన్లలో ఎంత వెతికినా దొరకదు. భద్రమ్మ తెరిచిన నోరు ఇన్నేళ్లుగా అలాగే ఉండిపోయింది.

రెండేళ్ల కిందట షెడ్డులో కరెంటు పోయి, పాటలు ఆగిపోయిన ఒక పూట, అప్పాయమ్మ రొయ్య తల తుంచుతూ ఊరికే అంది: "గడప దగ్గర ఏం చెప్పిందో తర్వాత చెప్తాను గానీ, మొత్తానికి చంచల పోలేదంట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?" ఆ రోజు నుంచి "రెండు వాటాల ఇల్లు" మళ్లీ మొదలైంది. టీవీ అక్కర్లేదు, అప్పాయమ్మ నోరు చాలు.

షెడ్డులో ఆడవాళ్లలో ఎక్కువమంది అత్తలే. అందువల్ల భద్రమ్మ గెలవని భాగం ఒక్కటీ లేదు. కొత్త సంగతులకి కూడా అప్పాయమ్మ ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇంట్లో దుర్గ ఫోన్ మాట్లాడుతూ ముగ్గు వేసి సగంలో వదిలేస్తే, మర్నాడు చంచల ముగ్గు సగంలో వదిలేసేది. దుర్గ గ్యాస్ బండ వచ్చిన రోజున తలుపు తాళం వేసి పోతే, చంచల కూడా పోయేది. పేరు మార్చాను కదా, అది దుర్గ ఎందుకవుతుంది అని అప్పాయమ్మ తన మనసుకి సర్ది చెప్పుకుంది. మనసు కూడా సర్దుకుంది. నవ్వులు అలా వస్తుంటే ఎవరి మనసైనా సర్దుకుంటుంది.

ఆ రోజు భాగం మాత్రం మామూలుది కాదు. అంతకు ముందురోజు అప్పాయమ్మ కళ్లజోడు మర్చిపోయి సగం దారి నుంచి ఇంటికి వెనక్కి వచ్చింది. వంటింటి కిటికీలోంచి చూస్తే దుర్గ మూత తీసి, పులుసు అరచేతిలో పోసుకుని నాకుతోంది! అప్పాయమ్మ కళ్లజోడు సంగతి మర్చిపోయి అలాగే షెడ్డుకి పోయింది. దారి పొడుగునా ఆ దృశ్యం పెరిగింది. చుక్క పులుసు కాస్తా చేప ముక్క అయింది, ముక్క తలకాయ అయింది.

"తలకాయ మొత్తం తినేసిందర్రా! తిని, మూతి తుడుచుకుని, పిల్లి అంటుంది!" అని అప్పాయమ్మ ముగించేసరికి షెడ్డు గొల్లుమంది. పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచే క్రిస్టినా అయితే నవ్వి నవ్వి రొయ్యల బుట్ట తన్నేసింది.

"చేతులు ఆడాలమ్మా, చేతులు!" అన్నాడు సూపర్‌వైజర్ అప్పాజీ. అని, ఒక అడుగు దగ్గరికి జరిగి, "ఇంతకీ పిల్లిని ఏం చేశారండీ?" అని అడిగాడు.

మధ్యాహ్నం జానకిరామ్ ఐసుతోపాటు క్యారేజీ తెచ్చిచ్చాడు. షెడ్డు బయట నీడలో కూర్చుని తలా కాస్త పులుసు కలుపుకున్నారు.

"పిన్నీ, నీ చేతిలో ఏదో ఉంది. ఈ పులుసు ఇంకెవరికీ కుదరదు" అంది క్రిస్టినా వేళ్లు నాకుతూ.

"మూత తీయకూడదే. రహస్యం అంతా అక్కడే ఉంది" అంది అప్పాయమ్మ గొప్పగా.

ఆ సాయంత్రం పిండి మర దగ్గర జరిగిన సంగతి అప్పాయమ్మకి తర్వాత తెలిసింది. బియ్యం ఆడించుకోవడానికి వచ్చిన దుర్గతో క్రిస్టినా, వరసలో నిలబడి ఊరికే ఉండలేక, ఇవాల్టి భాగం మొత్తం చెప్పేసింది. తప్పుడు ఉద్దేశం ఏమీ లేదు. నవ్విద్దామని చెప్పింది.

"భుజం మీద తువ్వాలు వేసుకుంటుందంట వదినా, ఆకుపచ్చ నైటీ మీద. అరచేతిలో పోసుకుని ఇలా..." అంటూ క్రిస్టినా చెయ్యి నాకి చూపించబోయి ఆగిపోయింది. ఎదురుగా దుర్గ భుజం మీద తువ్వాలు ఉంది. నైటీ ఆకుపచ్చది.

మర్నాడు ఉదయం దుర్గ మామూలుగానే లేచింది. కాఫీ ఇచ్చింది. చీపురు పట్టుకుంది. అప్పాయమ్మ ఎప్పట్లాగే పులుసు కాచి, భద్రమ్మలా ఒకసారి, చంచలలా ఒకసారి మాట్లాడి, మూత పెట్టి, రాయి పెట్టి పోయింది.

మధ్యాహ్నం క్యారేజీ వచ్చింది. క్రిస్టినా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. పక్కనున్నామె లేచి బోరింగు దగ్గరికి పరిగెత్తింది. అప్పాజీ, మర్యాదస్తుడు కాబట్టి, "బాగుందండీ, కొంచెం సముద్రం గుర్తొస్తోంది" అన్నాడు.

అప్పాయమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు! నోరు మండిపోయేంత ఉప్పు. షెడ్డంతా తన వంక చూస్తోంది. ఈసారి నవ్వు ఆమె చెప్పిన కథకి కాదు.

"ఇది దుర్గ పని" అంది లేస్తూ. "కావాలనే పోసింది! నన్ను పదిమందిలో తల దించుకునేలా చెయ్యాలని."

క్రిస్టినా ఏదో చెప్పబోయింది. అప్పాయమ్మ వినలేదు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఇంటికి నడిచింది.

ఇంటి ముందు జానకిరామ్ ఆటో ఆగి ఉంది, ఐసు దిమ్మలతో సహా. గుమ్మంలో దుర్గ. చేతిలో సంచీ. ఆకుపచ్చ నైటీ లేదు, పండగ చీర కట్టుకుంది. జానకిరామ్ ఆమెకి అడ్డంగా నిలబడి ఏం చెయ్యాలో తెలియక తల గోక్కుంటున్నాడు.

"ఏమే! ఉప్పు పోసి పారిపోతున్నావా?" అంది అప్పాయమ్మ వీధిలోంచే.

"అమ్మా, ముందు నా మాట విను..."

"నువ్వు ఊరుకోరా! ఇంత ఉప్పు పోస్తుందా? షెడ్డులో నా పులుసు ఒక్కళ్లూ తినలేకపోయారు!"

దుర్గ సంచీ కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నేను ఉప్పు వెయ్యలేదత్తా. ఇవాళ తియ్యలేదు, అంతే."

"తియ్యడమేంటి?"

"రోజూ నువ్వే రెండుసార్లు వేస్తావు. భద్రమ్మ ఒకసారి వేస్తుంది, చంచల ఒకసారి వేస్తుంది. నువ్వు షెడ్డుకి పోయాక నేను మూత తీసి, సగం పులుసు వంచేసి, బియ్యం కడిగిన నీళ్లు, చింతపండు రసం పోసి మళ్లీ కాస్తాను. సరిపోయిందో లేదో అరచేతిలో వేసుకుని చూస్తాను. నువ్వెక్కడినుంచో చూసి భాగం కట్టింది దాన్నే."

అప్పాయమ్మ కొడుకు వంక తిరిగింది. "ఏరా, నిజమేనా?"

జానకిరామ్ ఆటో వంక చూశాడు. ఐసు నీళ్లు ధారగా కారి కాలవలోకి పోతున్నాయి. "అమ్మా... ఐసు కరిగిపోతోంది."

"కరగనీ!" అన్నారు అత్తా కోడళ్లు ఒక్కసారే. ఇద్దరూ ఒక మాట మీద ఉండటం ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అదే మొదలు.

"నిజమేనమ్మా" అన్నాడు అతను చిన్నగా. "నీకు చెప్పొద్దంది. చెబితే కథలన్నా మానేస్తావు, పులుసన్నా మానేస్తావు, ఏది మానేసినా నువ్వు ముసలిదానివైపోతావంది."

అప్పాయమ్మ అరుగు అంచు పట్టుకుంది.

"ఊరందరూ నీ పులుసుని పొగుడుతుంటే నేను నోరు మెదిపానా?" దుర్గ ఇప్పుడు గొంతు పెంచింది. "నాకూ బాగానే ఉండేది. మా అత్త పులుసు అని నేనూ చెప్పుకునేదాన్ని. ముగ్గు సంగతి చెప్పుకున్నావు, గ్యాస్ బండ సంగతి చెప్పుకున్నావు. పోనీలే, నవ్వుకోనీ అనుకున్నాను. కానీ తిండి దొంగని చేశావత్తా. నిన్న పిండి మర దగ్గర అందరి ముందూ... మా అమ్మకి తెలిస్తే ఏమనుకుంటుంది?"

ఆమె సంచీ మళ్లీ తీసుకుంది. రేవులో పంటు బయలుదేరే గంట వినపడుతోంది. పంటు ఎక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడే పుట్టిల్లు. ఒక కాలు గడప బయట పెట్టింది.

అప్పాయమ్మ నోరు తెరిచింది.

రెండేళ్లుగా భద్రమ్మ చేత ఎన్నో మాటలు పలికించింది. గద్దింపులు, వెటకారాలు, ఒక్కోసారి పెద్ద పెద్ద నీతులు కూడా. వాటిలో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు. తప్పు చేశానని చెప్పాలని ఉంది, అదీ రాలేదు. కోడలి పండగ చీర కుచ్చిళ్ల వంక చూస్తూ నిలబడింది.

"ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పి పోవే" అంది చివరికి.

దుర్గ ఆగింది. ఏడుద్దామనుకున్న మొహం మధ్యలో దారి తప్పింది. పెదవి కొరుక్కుంది.

"చెబితే నీకు గుర్తుంటుందా?"

"ఉండదు" అంది అప్పాయమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "రేపు మళ్లీ రెండుసార్లు వేస్తాను. ఎల్లుండీ వేస్తాను. నువ్వు లేకపోతే ఎవరు తీస్తారే? నేను నీ గురించి అలా చెప్పాల్సింది కాదు. దొంగ అనే మాట నా నోటికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వాళ్లు నవ్వుతుంటే ఇంకాస్త, ఇంకాస్త అనిపించింది. అచ్చం ఆ ఉప్పులాగే."

జానకిరామ్ మెల్లగా భార్య చేతిలోంచి సంచీ అందుకున్నాడు. ఆమె వదలకూడదనుకుని కాసేపు పట్టుకుంది, తర్వాత వదిలింది.

"ఒక షరతు" అంది దుర్గ. "ఇకమీద చంచల తరఫున నేను చెప్తాను. ఆ షెడ్డుకే వచ్చి చెప్తాను."

"అలాగే" అంది అప్పాయమ్మ. ఆ అలాగేలో ఏ తేడా లేదు.

జానకిరామ్ ఆటో దగ్గరికి పరిగెత్తాడు. దిమ్మల్లో మిగిలింది మూడొంతులే. అయినా ఈల వేసుకుంటూ బండి తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ దుర్గే పట్టుకొచ్చింది. షెడ్డు ఆడవాళ్లు చోటిచ్చి కూర్చోబెట్టారు. క్రిస్టినా సిగ్గుపడుతూ నీళ్ల గ్లాసు అందించి, "వదినా, నా నోరు..." అని మొదలుపెట్టింది.

"నీ నోటి వల్లే గదా ఆ మూత తెరుచుకుంది, ఊరుకో" అంది దుర్గ.

అప్పాయమ్మ గొంతు సవరించుకుంది. "ఇవాళ వెనక్కి పోతున్నామర్రా. గడప దగ్గర భద్రమ్మ ఏం చెప్పిందో ఇవాళ చెప్తాను."

అప్పాజీ ఈసారి దూరంగా నిలబడినట్టు నటించలేదు, వచ్చి స్టూలు వేసుకున్నాడు. అప్పాయమ్మ కోడలి వంక ఒకసారి చూసి చెప్పింది: "ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పి పోవే, అంది."

ఇంకా ఉందనుకుని అందరూ ముందుకి వంగారు.

"ఇంతేనా!" అంది క్రిస్టినా. "ఇన్నేళ్లు మేం ఎదురుచూసింది దీనికా?"

"దానికే ఆగిపోయింది చంచల" అంది దుర్గ. "తర్వాత ఏమైందో నేను చెప్తాను. ముందు తినండి."

క్యారేజీ విప్పింది. అందరూ కలుపుకున్నారు. క్రిస్టినా ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, భయంభయంగా ఇద్దరి వంకా చూసింది.

"పిన్నీ... ఏమీ అనుకోకు. చప్పగా ఉంది."

దుర్గ అత్త వంక తిరిగింది. "అత్తా, పొద్దున్న ఉప్పు వేశావా?"

అప్పాయమ్మ తల దించుకుంది. "భయమేసి అసలు వెయ్యలేదే."

"అయ్యో! నేను ఎప్పట్లాగే సగం వంచేసి బియ్యం నీళ్లు పోసేశాను! ఇక అరచేతిలో వేసుకోకూడదని రుచి కూడా చూడలేదు!"

షెడ్డు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. రొయ్యల బుట్ట మళ్లీ పడిపోయింది, ఈసారి తన్నింది అప్పాజీ. నవ్వులన్నిటి మధ్యా అప్పాయమ్మ గొంతు బొంగురు చేసింది.

"చూశారా, ఈ భద్రమ్మ ఎంత తెలివితక్కువదో!" అంది.

రెండేళ్లలో భద్రమ్మ ఓడిపోయిన మొదటి భాగం అదే. అందరికంటే ఎక్కువ నవ్వింది అప్పాయమ్మే. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటుంటే, దుర్గ తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె చేతికిచ్చింది.