మోకాటెత్తు బండి

సౌభాగ్యాన్ని ఒక్క మాటైనా పిలవకుండా తివాచీలు మోసే కొత్త బండి చూడటానికి వెళ్లిపోయారు! ఇంట్లో ఉన్నదే నలుగురు. భర్త శ్రీరంగన్, మరిది శరవణకుమార్, మరిది భార్య పవిత్ర... ముగ్గురూ ముస్తాబై టౌన్ బస్సెక్కారు. నాలుగో మనిషి మేడ మీద తడి తివాచీని బ్రష్షుతో రుద్దుతూ ఉండిపోయింది. పిట్టగోడ మీంచి చూస్తే పవిత్ర అందరికంటే ముందు నడుస్తోంది.

చెప్పండి, ఏ ఆడదానికి కడుపు మండదు? పదిహేనేళ్ల కిందట ఈ మేడ మీద మొదటి తివాచీ కడిగింది ఎవరు? రాజపాళయం కల్యాణ మండపాల ఎర్ర తివాచీలు, మిల్లు ఆఫీసుల తివాచీలు... మరక చూడగానే అది పాయసమో కాఫీయో చెప్పగలిగేది ఎవరు? తడిసిన వాటిని చుట్ట చుట్టి అద్దె ఆటోలోకి ఎత్తీ ఎత్తీ నడుము పోగొట్టుకున్నది ఎవరు? డాక్టరిచ్చిన నడుము పట్టీని కూడా బియ్యం డబ్బా వెనక దాచేసింది, ఇక నువ్వు కూర్చో అంటారేమోనన్న భయంతో. ఇంతా చేస్తే... సత్రపట్టి నుంచి కోడలిగా వచ్చి రెండేళ్లయిన పిల్లకి కారు లైసెన్సు ఉందట! "పవిత్ర చూసినాదంటే సరి" అన్నాడు ఈ మనిషి.

నిన్న సాయంత్రం శ్రీరంగన్ ఫోనులో రెండు బండ్ల బొమ్మలు చూపించాడు. ఒకటి ఎత్తుగా, ధీమాగా నిలబడ్డ మినీ ట్రక్కు. రెండోది పక్క తలుపు జరిగే చిన్న వ్యాను. ట్రక్కు తొట్టి రొమ్ము ఎత్తున ఉందని ఆమెకి చూడగానే తెలిసింది. పొడి తివాచీని ఎవరైనా ఎత్తుతారు, నీళ్లు తాగినదైతే చేతులు పీకేస్తుంది. అయినా "మీ ఇష్టం" అని ఊరుకుంది. పవిత్ర ఆ ట్రక్కునే ఎంచుకోనీ... రేపు తనే ఎత్తనీ... అప్పుడు తెలుస్తుంది అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది కూడా, కానీ నోరు మాత్రం విప్పలేదు.

మధ్యాహ్నం తీగ మీది బట్టలు తీయబోతే ఆమె పనిలోకి చీర కింద కట్టుకునే నీలం పావడ లేదు. కుడి మోకాటి దగ్గర అతుకు వేసినది. మేడంతా వెతికింది. ఎదురింటి గురువమ్మాళ్ కిటికీలోంచి పలికింది.

"మీ ఇంటి చిన్న కోడలు పొద్దున మడిచి సంచిలో పెట్టుకున్నాది, నేను చూసినానే."

బండి తుడవడానికి! ఇంకెందుకు? పదిహేనేళ్ల చాకిరీ చివరికి తుడుపుగుడ్డ అయిందన్నమాట... సౌభాగ్యం తడి తివాచీ మీదే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

మూడింటికి ముగ్గురూ తిరిగొచ్చారు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"నా పావడతో బండి తుడిచినావా పవిత్రా?"

శ్రీరంగన్ తల కొట్టుకున్నాడు. "తుడిచి ఉంటే బాగుండు. షోరూమ్‌లో పదిమంది ముందర దాన్ని ఒక్కొక్క బండికీ పట్టి చూసినాది. అందరూ నవ్వినారు. నాకు మానం పోయినాది. నేను ట్రక్కు అంటే ఒప్పుకోనే లేదు."

పవిత్ర సంచిలోంచి పావడ తీసి, మోకాళ్ల మీద కూర్చుని సౌభాగ్యం కాళ్లకి ఆనించి పట్టుకుంది.

"అక్కా, నువ్వు తివాచీ ఎత్తేది రెండేళ్లుగా చూస్తా ఉన్నాను. ఒకే ఊపున ఎత్తవు. ముందు ఈ మోకాటి మీద ఆనించుకుంటావు. ఒక ఊపిరి తీసుకుంటావు. తర్వాతే పైకి తోస్తావు. దినమూ ఆనించి ఆనించి పావడ ఇక్కడే చిరిగినాది. బండి లోపలి నేల పలక ఈ అతుకు దగ్గరికి రావాల కదా? చిన్న వ్యానుకి సరిగ్గా వచ్చినాది."

సౌభాగ్యం ఆ అతుకుని వేలితో తడిమింది. "నన్నే పిలిచి ఉండచ్చు కదే..."

"పిలిస్తే నాకేం నొప్పి లేదు, ఎంత ఎత్తైనా పర్వాలేదు అంటావు. బియ్యం డబ్బా వెనక ఉండేది నేను చూసినాను."

"ఏముంది డబ్బా వెనక?" అన్నాడు శ్రీరంగన్. శరవణకుమార్ మెల్లగా వంటింట్లోకి వెళ్లి ఆ పట్టీ తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. శ్రీరంగన్ దాన్ని తిప్పి తిప్పి చూసి, భార్య ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు.

సౌభాగ్యం కూడా కింద కూర్చుంది. "పవిత్రా, నేను మంచిదాన్ని కాదు. ఆ ట్రక్కు కష్టమని నాకు నిన్ననే తెలుసును. నువ్వు ఎత్తలేక ఏడవాలని నోరు మూసుకున్నాను."

"తెలుసునక్కా," అంది పవిత్ర మెల్లగా. "బొమ్మ చూసినప్పుడు నీ ముఖం చూసినాను. అందుకే పావడ తీసుకుపోయినాను."

పది రోజులకి తెల్లటి చిన్న వ్యాను వచ్చింది. మొదటి పని చోళపురం దారిలోని ఒక మండపానిది. సౌభాగ్యం ఆ నీలం పావడ మీద పని చీర కట్టుకుని, అందరూ చూస్తుండగానే నడుముకి పట్టీ బిగించింది. తడి తివాచీ చుట్టని అలవాటుగా మోకాటి మీద ఆనించుకుంది. అలవాటుగానే పెద్ద ఊపిరి తీసుకుంది. కానీ ఎత్తాల్సిన పని లేదు... కాస్త నెడితే చుట్ట లోపలికి జారిపోయింది. తీసుకున్న ఊపిరి అలాగే ఉండిపోయి, ఏడుపై బయటికొచ్చింది.

పవిత్ర డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తోంది.

సౌభాగ్యం చెంగుతో ముఖం తుడుచుకుని ముందుకి నడిచింది. "జరుగు శరవణా, వెనక కూర్చో పో. మా ఇద్దరికీ మాట్లాడుకునేది ఉంది," అని ముందు తలుపు తెరిచింది.